కనిపించని చక్రాలు: సర్ హెన్రీ రాయిస్ జీవితం

కట్టడాన్ని చూసి మెచ్చుకునేవారు పునాదిని తలచుకోరు. చెట్టు నీడను అనుభవించేవారు వేళ్ళను స్మరించరు. యంత్రాల విషయంలో కూడా లోకరీతి ఇంతే. మోటారు కారును చూసినవారు దాని మెరుపును, మెత్తని ఆసనాలను పొగడుతారు. కారు అడుగుభాగాన ఒక పెట్టెలో నూనెలో మునిగి ఎవరి కంటా పడకుండా తిరిగే పళ్ళ చక్రాలను తలచేవారు అరుదు. ఆ పళ్ళలో ఏ చిన్న లోపం ఉన్నా కారు మొత్తం మూలుగుతుంది. లోపం లేకపోతే అవి ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. బాగా చేసినకొద్దీ మరుగున పడిపోయే పని అది. అట్టి పనికి ఒక జీవితకాలాన్ని ధారపోసిన వ్యక్తి సర్ ఫ్రెడరిక్ హెన్రీ రాయిస్ (1863–1933).

మన హైదరాబాదుకు ఆయన పనితనం కొత్తది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శించబడే పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ కారు 1912 నాటిది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని కోరి చేయించగా, 1911లో ఆయన కన్నుమూసిన పిమ్మట, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో అది నగరానికి చేరింది. సింహాసనం వంటి ఆసనం గల పైభాగాన్ని బార్కర్ అనే కంపెనీ నిర్మించింది. కింద ఉన్న ఇంజను, గేర్లు, ఇరుసులు మాత్రం రాయిస్ రూపకల్పన. ఐశ్వర్యానికి జగత్ప్రసిద్ధులైన ప్రభువుల కోసం ఆ వాహనాన్ని రూపొందించినవాడు చిన్ననాట వీధుల్లో పత్రికలు అమ్మి పొట్టపోసుకున్న నిరుపేద బాలుడన్న సంగతి ఆ కారు ముందు నిలబడిన వారిలో ఎందరికి తెలుసు?

రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండులో పీటర్‌బరో పట్టణ సమీపాన ఆల్వాల్టన్ గ్రామంలో జన్మించాడు. ఐదుగురు సంతానంలో కడసారివాడు. తండ్రి జేమ్స్ పిండిమర నడిపేవాడు. వ్యాపారం దెబ్బతిని కుటుంబం లండన్ చేరింది. 1872లో తండ్రి మరణించేనాటికి హెన్రీకి తొమ్మిదేళ్ళు. పత్రికలు అమ్మడం, తంతి వార్తలు ఇంటింటికీ చేర్చడం ఆ బాలుని జీవనోపాధి అయ్యాయి. ఆయన బడికి వెళ్ళిన కాలమంతా కలిపి లెక్కిస్తే ఏడాదికి మించదు.

1878లో ఒక అత్త ఏటా కొంత సొమ్ము కట్టేందుకు అంగీకరించగా, పీటర్‌బరోలోని గ్రేట్ నార్తరన్ రైల్వే కార్ఖానాలో పని నేర్చుకునే అవకాశం లభించింది. పగలు రైలింజన్ల మధ్య పని. సాయంత్రం తాను బస చేసిన ఇంటి యజమాని షెడ్డులో ఉన్న లేతు మిషను వద్ద సాధన. ఆకురాయితో ఇనుమును చదును చేయడం, రెండు ముక్కలను సందు లేకుండా కుదర్చడం ఆయన అక్కడే అలవరచుకున్నాడు. మూడేళ్ళు గడిచేసరికి అత్త వద్ద డబ్బు నిండుకున్నది. శిక్షణ పూర్తి కాకుండానే రాయిస్ వీధిన పడ్డాడు. చేతిలో పత్రం లేదు, చేతికి పని మాత్రం వచ్చింది. లీడ్స్ పట్టణంలో పనిముట్లు తయారుచేసే ఒక కార్ఖానాలో వారానికి 54 గంటల పని, 11 షిల్లింగుల కూలి. ఆనాడు విద్యుత్తు అనేది కొత్త శాస్త్రం. దాని మీద మక్కువతో ఆయన లండన్‌లోని ఒక విద్యుద్దీపాల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ ఆయనను లివర్‌పూల్‌కు పంపింది. వీధులకు, నాటకశాలలకు దీపాలు అమర్చడం అక్కడ ఆయన ఉద్యోగం.

ఆ కంపెనీ కూడా నిలువలేదు. 1884లో తాను కూడబెట్టిన 20 పౌనుల్ని పెట్టుబడిగా పెట్టి, 50 పౌనులు తెచ్చిన ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే మిత్రునితో కలిసి మాంచెస్టరులోని కుక్ వీధిలో ఒక చిన్న కార్ఖానా తెరిచాడు. మొదట గంటలు, దీపాల సామగ్రి తయారుచేసేవారు. పిమ్మట డైనమోలు, ఆపై విద్యుత్ క్రేన్లు. మిత్రులిద్దరూ కార్ఖానా పైగదిలోనే పడుకునేవారు.

రాయిస్ చేతికి గేర్ల సమస్య ఈ క్రేన్ల ద్వారానే వచ్చిందని గ్రహించాలి. విద్యుత్ మోటారు అతివేగంగా తిరుగుతుంది, కాని దాని బలం పరిమితం. టన్నుల బరువును ఎత్తే గొలుసు నెమ్మదిగా, అపారమైన బలంతో కదలాలి. ఆ వేగాన్ని ఈ బలంగా మార్చేది వాటి నడుమనున్న పళ్ళ చక్రాల వరుసే. క్రేను గేరు విరిగితే బరువు మనుషుల నెత్తిన పడుతుంది. కనుక అక్కడ అశ్రద్ధకు తావు లేదు. మోటారు కారు సంగతి ఎరుగకముందే రాయిస్ అలవరచుకున్న జాగ్రత్త ఇది.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభాన క్రేన్ల వ్యాపారం మందగించింది. ఎడతెగని శ్రమ వల్ల, వేళకు తినకపోవడం వల్ల రాయిస్ ఆరోగ్యం కూడా చెడింది. ఈ దశలో ఆయన దృష్టి మోటారు వాహనం మీదికి మళ్ళింది. 1903లో ఆయన ఫ్రాన్సులో తయారైన డెకావిల్ అనే కారును, వాడినదానిని, కొన్నాడు. ఆ కాలానికి అది చెడ్డ బండి ఏమీ కాదు. కాని దాని చప్పుడు, అదురు, తరచు మొరాయించే గుణం ఆయనకు సరిపడలేదు. వేరొకరైతే అమ్మివేసి ఊరుకునేవారు. రాయిస్ దానిని విప్పి ప్రతి భాగాన్నీ పరీక్షించి, దేనిని ఎందుకు అలా చేశారో, ఎలా చేసి ఉండవలసిందో తేల్చుకున్నాడు. మూడు కార్లను స్వయంగా నిర్మింపబూనాడు. వాటిలో మొదటిది, పది అశ్వశక్తి గలది, 1904 ఏప్రిల్ 1న కుక్ వీధి నుండి రోడ్డెక్కింది. కొత్త సూత్రమేదీ ఆ కారులో లేదు. ఉన్న సూత్రాలన్నీ సరిగా అమలుకావడమే దానిలోని కొత్తదనం.

ఆ కారు కీర్తి చార్లెస్ స్టీవర్ట్ రోల్స్ చెవిన పడింది. ఆయన ఒక ప్రభువంశీయుని కుమారుడు, కేంబ్రిడ్జిలో యంత్రశాస్త్రం చదివినవాడు, లండన్‌లో విదేశీ కార్లు అమ్మే వర్తకుడు. 1904 మే 4న మాంచెస్టరులోని మిడ్‌లాండ్ హోటలులో ఉభయులూ కలుసుకున్నారు. ఒకరికి సంపద, విద్య, పలుకుబడి ఉన్నాయి. రెండవవారికి పనితనం ఉన్నది. రాయిస్ తయారుచేసే కార్లన్నింటినీ రోల్స్ అమ్మాలని ఆ ఏడాది డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1906 మార్చిలో రోల్స్ రాయిస్ లిమిటెడ్ స్థాపించబడింది. దాని వ్యవహారాలను చక్కదిద్దిన క్లాడ్ జాన్సన్ అనే కార్యదక్షుడు ఈ ఇద్దరికీ మూడవ భుజం వంటివాడు.

ఇక్కడ గేరుపెట్టె పనిని కొంత వివరించడం అవసరం. పెట్రోలు ఇంజను వేగంగా తిరిగినప్పుడే బలం ఇస్తుంది. ఆగిఉన్న కారును కదిలించడానికి, ఎత్తు ఎక్కించడానికి ఎక్కువ బలం కావాలి. చదును రోడ్డు మీద వేగం కావాలి. ఇరవై పళ్ళ చక్రం నలభై పళ్ళ చక్రాన్ని తిప్పితే వేగం సగమవుతుంది, తిప్పే బలం రెట్టింపవుతుంది. ఇట్టి జంటలను కొన్నింటిని ఒక పెట్టెలో అమర్చి, అవసరాన్ని బట్టి ఒకదాని బదులు మరొకదానిని కలిపే ఏర్పాటే గేరుపెట్టె. 1891 ప్రాంతంలో ఫ్రాన్సులో ఎమిల్ లెవసార్ జరిపే గేర్లను వాడుకలోకి తెచ్చాడు. 1898–99లో లూయీ రెనో ఒక ముఖ్యమైన మార్పు చేశాడు. పై గేరులో ఇంజను షాఫ్టు, చక్రాలకు పోయే షాఫ్టు తిన్నగా ఒకటైపోతాయి. బలం ఏ పళ్ళ జంట గుండానూ పోదు. దీనిని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. పళ్ళ మీద బరువు లేదు గనుక చప్పుడూ ఉండదు.

చప్పుడు ఎందుకు వస్తుందో కూడా తెలుసుకోవాలి. ఇరవై పళ్ళ చక్రం నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే ఇరవై వేల సార్లు పన్ను పన్నును తాకుతుంది. అంటే సెకనుకు 333 సార్లు. ప్రతి తాకిడిలోనూ పిసరంత తేడా ఉన్నా ఆ తాకిళ్ళన్నీ కలిసి ఒక రాగమై చెవిని వేధిస్తాయి. ఇది లేకుండా చేయాలంటే పన్ను వంపు గణితానికి తు.చ. తప్పకుండా లోబడాలి. గుండ్రని డబ్బాకు చుట్టిన దారాన్ని బిగువుగా పట్టి విప్పుతూ పోతే దారం కొస ఒక వంపు గీస్తుంది. ఆ వంపుతో పళ్ళను తీర్చితే ఒక చక్రం తిరిగే వేగం రెండవ చక్రానికి ఒడుదుడుకు లేకుండా అందుతుంది. పద్దెనిమిదవ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ ఈ వంపును గేర్లకు సూచించాడు. దానిని ఉక్కు మీద దించగల యంత్రాలు మాత్రం పంతొమ్మిదవ శతాబ్ది చివరగాని సమకూరలేదు. అమెరికాలో ఫెలోస్ 1896లో, జర్మనీలో ఫౌటర్ 1897లో నిర్మించిన గేరు కోత యంత్రాలు ఈ రంగంలో మైలురాళ్ళు.

కోసినంత మాత్రాన పని పూర్తికాదు. మెత్తని ఉక్కు పళ్ళు త్వరలోనే అరిగిపోతాయి. నిలువెల్లా గట్టిపరచిన పళ్ళు దెబ్బకు పుటుక్కున విరుగుతాయి. అందుచేత కోసిన గేరును బొగ్గు పదార్థంతో పెట్టెలో కూరి గంటల తరబడి ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడు పైపొర గాజు వలె గట్టిపడుతుంది, లోపలి భాగం సాగే గుణం కోల్పోదు. అయితే ఆ ముంచడంలోనే గేరు కొద్దిగా వంకర పోతుంది. అంతవరకు పడిన కష్టమంతా ఆ క్షణంలో వ్యర్థం కావచ్చు. ఉక్కు రకాన్ని ఎంచుకోవడం, కాల్చే వేడిని అదుపులో ఉంచడం, చివరకు రాపిడితో సరిచేయడం, జంటలుగా కలిపి చప్పుడు వినడం, నచ్చకపోతే తీసి పారవేయడం: ఇదీ మేలైన గేరు వెనుక ఉన్న శ్రమ. తీసి పారవేయడానికి మనసొప్పేవాడే ఇక్కడ ఉత్తముడు. రాయిస్‌కు ఆ మనసు నిండుగా ఉండేది.

అయినను ఆయన మార్గం విజయాలతోనే సాగిందనుకోరాదు. గేరుపెట్టె ఆయనకు పదే పదే పరీక్ష పెట్టింది. 1905లో మాన్ ద్వీపంలో మొట్టమొదటి టూరిస్ట్ ట్రోఫీ కార్ల పందెం జరిగింది. రాయిస్ ఇరవై అశ్వశక్తి కార్లు రెండు పాల్గొన్నాయి. రోల్స్ నడిపిన కారు బయలుదేరిన కొద్దిసేపటికే గేరుపెట్టె చెడి పందెం నుండి తప్పుకున్నది. పెర్సీ నార్తీ నడిపిన రెండవ కారు ద్వితీయ స్థానం పొందింది. ఒకే కార్ఖానాలో పుట్టిన రెండు కార్లలో ఒకటి గెలుపు అంచుదాకా పోయింది, రెండవది గేరు వద్ద ఓడింది. మరుసటి ఏడు అదే పందెంలో రోల్స్ ప్రథముడుగా నిలిచాడు.

1906 నవంబరులో లండన్‌లోని ఒలింపియా ప్రదర్శనలో 40/50 అశ్వశక్తి కారు వెలువడింది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైబడిన ఇంజను. 1907లో వెండి రంగు వేసి సిల్వర్ ఘోస్ట్ అని పేరుపెట్టిన ఒక కారును ఇంగ్లండు, స్కాట్లండు రోడ్ల మీద 14,371 మైళ్ళు పరీక్షగా నడిపారు. తరువాత ఆ పేరే ఆ తరహా కార్లన్నిటికీ స్థిరపడింది. 1908లో కంపెనీ డెర్బీ పట్టణంలోని కొత్త కార్ఖానాకు తరలింది. కార్ల చట్రాన్ని రోడ్డు గతుకుల వలె కుదిపి కుదిపి పరీక్షించే యంత్రాన్ని కూడా రాయిస్ అక్కడ ఏర్పాటు చేయించాడు. ఏ భాగం ముందు విరుగుతుందో కొన్నవాడి కంటే ముందు చేసినవాడికి తెలియాలని ఆయన పట్టుదల.

ఆరంభంలో సిల్వర్ ఘోస్ట్‌కు నాలుగు గేర్లు ఉండేవి. మూడవది డైరెక్ట్ డ్రైవ్. నాలుగవది ఇంజను కంటే షాఫ్టును వేగంగా తిప్పేది. తెరిపి రోడ్డు మీద పరుగుకు అది మంచిదే కాని, ఆ గేరులో పళ్ళ మీద బరువు పడేది గనుక సన్నని చప్పుడు వచ్చేది. నిశ్శబ్దం కోసమే ఇంత ధర పోసిన యజమానులకు అది రుచించలేదు. పైగా ఆ రోజుల్లో గేరు మార్చడం ఒక విద్య. రెండు చక్రాల వేగాలు సమానం కాకముందే కలిపితే పళ్ళు కరకరలాడేవి. అందుచేత 1909లో కంపెనీ నాలుగవ గేరును తీసివేసి మూడు గేర్ల పెట్టెను ప్రవేశపెట్టింది. ఇంజను సామర్థ్యాన్ని కూడా పెంచారు. ఇక గేరు మార్చే అవసరమే ఉండదన్నది వారి ధీమా.

1911లో ఆ ధీమా శిఖరానికి చేరింది. నేపియర్ అనే పోటీ కంపెనీ విసిరిన సవాలుకు జవాబుగా, ఎర్నెస్ట్ హైవ్స్ నడిపిన సిల్వర్ ఘోస్ట్ లండన్ నుండి ఎడిన్‌బరోకు వెళ్ళి పై గేరులోనే తిరిగి వచ్చింది. దారిలో గాలనుకు 24 మైళ్ళకు పైగా నడిచింది. అదే కారు బ్రూక్‌లాండ్స్ పందెపు బాట మీద గంటకు 78 మైళ్ళ వేగాన్ని అందుకున్నది. గేరు మార్చనక్కరలేని కారు అన్న ఖ్యాతి దేశమంతటా వ్యాపించింది.

సరిగ్గా మరుసటి సంవత్సరం ఆ ఖ్యాతికి ఆస్ట్రియా కొండల్లో పరీక్ష ఎదురైంది. 1912 ఆల్పైన్ పరీక్షలో జేమ్స్ రాడ్లీ అనే కారు యజమాని తన సిల్వర్ ఘోస్ట్‌తో పాల్గొన్నాడు. కాట్ష్‌బర్గ్ కనుమ ఎక్కుడులో ఆ కారు ఆగిపోయింది. ఇంజనుకు శక్తి లేక కాదు. ఆ శక్తిని చాలినంత బలంగా మార్చే చిన్న గేరు లేక. లోపలి ప్రయాణికులు దిగితేగాని కారు ముందుకు కదలలేదు. ప్రపంచంలోకెల్లా మేలైనదని పేరుపొందిన కారు నుండి మనుషులు దిగి రోడ్డు మీద నిలబడవలసి రావడం ఎంతటి అవమానమో ఊహించుకోవచ్చు.

ఈ ఘట్టాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. లండన్–ఎడిన్‌బరో రోడ్డు మీద ఏది గొప్పగా కనిపించిందో, కాట్ష్‌బర్గ్ మీద అదే లోపమై తేలింది. కనిపించని గేరును అనవసరమని తీసివేసిన ఫలితం కొండ ఎక్కేవేళ బయటపడింది. కంపెనీ సాకులు వెతకలేదు. కొండ దారిని నిందించలేదు. నాలుగు గేర్ల పెట్టెను మళ్ళీ రూపొందించింది. ఈసారి నాలుగవది డైరెక్ట్ డ్రైవ్, మొదటిది నిట్టనిలువు ఎక్కుడుకు చాలినంత చిన్నది. 1913లో కంపెనీ పంపిన మూడు కార్లు, రాడ్లీ సొంత కారు అదే ఆల్పైన్ పరీక్షకు వెళ్ళి, అవే కనుమలను అధిగమించి, అందరికంటే మిన్న అనిపించుకొని పలు బహుమతులు గెలుచుకున్నాయి. విచిత్రమేమంటే పదేళ్ళు తిరగకుండానే పాత పాఠం మరొకసారి చదువవలసివచ్చింది. 1922లో వెలువడిన ట్వెంటీ అనే చిన్న కారుకు మూడే గేర్లు పెట్టారు. కొనుగోలుదారులు పెదవి విరిచారు. 1925లో దానికీ నాలుగు గేర్లు వచ్చాయి.

ఈలోగా రాయిస్ స్వంత జీవితం చాలా మారిపోయింది. 1910 జులై 12న రోల్స్ బోర్న్‌మత్ వద్ద విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 32 సంవత్సరాలు మాత్రమే. 1911లో రాయిస్ తీవ్రంగా జబ్బుపడ్డాడు. 1912లో పెద్ద శస్త్రచికిత్స జరిగింది. డెర్బీ కార్ఖానా వాతావరణం ఆయనకు సరిపడదని వైద్యులు తేల్చారు. నాటి నుండి శీతకాలం దక్షిణ ఫ్రాన్సులోని లె కనడెల్‌లో, మిగిలిన కాలం ఇంగ్లండు దక్షిణ తీరంలో గడిపాడు. 1917 నుండి వెస్ట్ విటరింగ్ ఆయన నివాసమైంది. 1893లో పెళ్ళాడిన భార్య మిన్నీకి, ఆయనకు మధ్య ఎడబాటు ఏర్పడింది. ఎథెల్ ఆబిన్ అనే నర్సు చివరిదాకా ఆయనను కనిపెట్టుకొని ఉన్నది. పనికి ఇచ్చినంత శ్రద్ధ తన శరీరానికీ, సంసారానికీ ఆయన ఇవ్వలేదన్నది దాచదగిన సత్యం కాదు. భోజనం మరచి పనిచేయడం యువకులకు ఆదర్శంగా కనిపించవచ్చు, కాని దాని ఖరీదు ఆయన ఇరవై ఏళ్ళకు పైగా రోగిగా చెల్లించాడు.

అయినా పని ఆగలేదు. చిత్రకారులు, రూపశిల్పులు ఆయన ఇంటి సమీపానే మకాం పెట్టారు. నక్షలు డెర్బీకి వెళ్ళేవి. తయారైన భాగాలు, సందేహాలు తిరిగి ఆయన వద్దకు వచ్చేవి. 1914లో ప్రపంచ యుద్ధం ఆరంభం కాగా ప్రభుత్వానికి విమాన ఇంజన్లు అవసరమయ్యాయి. రాయిస్ ఈగిల్ అనే పన్నెండు సిలిండర్ల ఇంజనును రూపొందించాడు. ఇక్కడ కూడా గేరే కీలకం. ఇంజను వేగంగా తిరిగితేనే శక్తి వస్తుంది, విమానపు పంకా అంత వేగంగా తిరిగితే గాలిని సరిగా నెట్టలేదు. ఆ రెండింటి నడుమ రాయిస్ గ్రహగతి గేర్లను అమర్చాడు. సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్టు, మధ్య చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే ఏర్పాటు అది. భారం అనేక పళ్ళ మీద పంచబడుతుంది గనుక తక్కువ స్థలంలో ఎక్కువ బలాన్ని మోయగలదు. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే వైమానికులు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన విమానానికి ఉన్నవి రెండు ఈగిల్ ఇంజన్లే. నడిసముద్రంలో గేరు పన్ను విరిగితే దిగి నిలబడడానికి రోడ్డు ఉండదు. కాట్ష్‌బర్గ్ కనుమకూ, అట్లాంటిక్‌కూ ఉన్న తేడా అదే.

రాయిస్ గొప్ప ఆవిష్కర్త కాదన్న విమర్శ ఉన్నది. అది నిజం కూడా. డైరెక్ట్ డ్రైవ్ రెనోది. గేరుపెట్టె నుండి శక్తిని తీసుకొని బ్రేకులకు సాయపడే సర్వో ఏర్పాటును 1924లో ఆయన కార్లకు అమర్చినప్పుడు దాని మూలం హిస్పానో సూయిజా కార్లలో ఉన్నది. కరకర లేకుండా గేరు మార్చే సింక్రోమెష్ 1928లో అమెరికా కంపెనీ కాడిలాక్ తెచ్చినది, తరువాతనే అది రోల్స్ రాయిస్ కార్లలో చేరింది. పరాయివారి మేలైన ఆలోచనను స్వీకరించడానికి ఆయన సిగ్గుపడలేదు. తన చేతి మీదుగా పోయిన ఆలోచన మాత్రం మునుపటి కంటే మేలుగా బయటికి రావాలని కోరుకున్నాడు.

అంతకంటె బరువైన విమర్శ మరొకటి కలదు. ఇంత శ్రమా కొద్దిమంది ధనికుల విలాసానికేనా? సిల్వర్ ఘోస్ట్ కార్లు ఇరవై ఏళ్ళలో తయారైనవి ఎనిమిది వేలకు లోపే. దాదాపు అదే కాలంలో, 1908 నుండి 1927 వరకు, అమెరికాలో హెన్రీ ఫోర్డు కోటిన్నర మాడల్ టీ కార్లను తయారుచేసి సామాన్యునికి అందించాడు. రెండే వేగాలు గల ఆ కారు గేర్లు కూడా గ్రహగతి గేర్లే. రైతుకు కాలితో తొక్కి నడిపే సౌలభ్యం అందులో ఉండేది. లోకానికి ఎక్కువ ఉపకారం చేసినది ఫోర్డు అని ఎవరైనా వాదిస్తే కాదనడం కష్టం. కాని ఖరీదైన కార్ల కోసం నేర్చిన శ్రద్ధ ఆ కార్లతోనే ఆగిపోలేదన్నది మరువరాదు. ఉక్కును ఎంచడం, పన్నును తీర్చడం, విరిగేదాకా పరీక్షించడం అన్న పద్ధతి కార్ల నుండి విమానాలకు పోయింది. రాజుల ఊరేగింపు కోసం కుదిర్చిన నిశ్శబ్దం ప్రయాణికుల ప్రాణరక్షణగా మారింది.

1929లోను, 1931లోను ష్నైడర్ ట్రోఫీ విమాన పందేలను గెలిచినవి రాయిస్ పర్యవేక్షణలో తయారైన ఆర్ ఇంజన్లు. వెస్ట్ విటరింగ్ సముద్రతీరాన నడుస్తూ, చేతికర్రతో ఇసుక మీద ఆయన దాని రూపురేఖలు గీసి చూపాడని చెబుతారు. 1931 సెప్టెంబరులో ఆ ఇంజను గల విమానం గంటకు 400 మైళ్ళ వేగాన్ని దాటింది. 1930లో ఆయనకు బారోనెట్ బిరుదు లభించింది. ఆయన చివరి రోజుల్లో మరొక కొత్త విమాన ఇంజను నక్షలు సిద్ధమవుతున్నాయి. అది తిరగడం ఆయన చూడలేదు. 1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగ్‌లో మరణించాడు. ఆ ఏడాది అక్టోబరులో మొదటిసారి నడిచిన ఆ ఇంజనే మెర్లిన్. రెండవ ప్రపంచ యుద్ధంలో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు దానితోనే ఎగిరాయి.

బిరుదులు వచ్చిన తరువాత కూడా ఆయన తనను మెకానిక్‌గానే చెప్పుకునేవాడు. అది వినయం కోసం అన్న మాట అనుకోనక్కరలేదు. తొమ్మిదేళ్ళకే తండ్రిని కోల్పోయి, ఏడాది చదువుతో, సగంలో ఆగిన శిక్షణతో లోకంలోకి వచ్చినవానికి తాను సంపాదించుకున్న ఆ ఒక్క మాట అన్ని బిరుదులకంటే విలువైనదిగా తోచి ఉంటుంది.

మన కళాశాలలో రెండు భాషలు వినబడతాయి. ఉర్దూలో కారీగరీ అంటాము, తెలుగులో పనితనం అంటాము. మాట ఏదైనా భావం ఒక్కటే. అయితే చేతికి నూనె అంటే పనిని తక్కువగా చూడడం, పత్రం చేతికి వస్తే చాలునని తృప్తిపడడం మన విద్యార్థి లోకంలో కొంత కనబడుతున్నది. రాయిస్ జీవితం పత్రాన్ని తిరస్కరించమని చెప్పదు. తనకు దక్కని చదువు విలువ ఆయనకు ఇతరుల కంటే బాగా తెలుసు, కనుకనే పొట్టపోసుకుంటూ కూడా విద్యుచ్ఛాస్త్రాన్ని రాత్రివేళ నేర్చుకున్నాడు. ప్రయోగశాలలో ఒక కొలతను రెండవసారి సరిచూసేవాడు, ఎవరూ గమనించని లెక్కను తప్పని తెలిసి కొట్టివేసి మళ్ళీ చేసేవాడు ఆయన దారిలో నడిచేవాడే.

రాయిస్ అస్థికలు మొదట డెర్బీలో ఉంచబడి, 1937లో స్వగ్రామమైన ఆల్వాల్టన్ చర్చికి చేర్చబడ్డాయి. పిండిమర తిరిగిన ఊరిలోనే ఆయన విశ్రమించాడు. పిండిమరలో కూడా పళ్ళ చక్రాలే ఉంటాయి. వాటిని కూడా పిండి కొనేవారెవరూ చూడరు.